ప్రోస్టేట్ కణితికి ఇంధనం ఏది? ఉపరకాల జీవక్రియపై ఆధారాల పరిశీలన

మామూలు పెట్ స్కాన్‌లో రోగికి ఎక్కించేది రేడియోధార్మిక గుర్తు తగిలించిన గ్లూకోజ్. దాన్ని ఎఫ్‌డీజీ అంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనో లింఫోమాలోనో కణితి ఆ గ్లూకోజ్‌ను గబగబా పీల్చుకుని తెర మీద వెలుగుతుంది. ప్రోస్టేట్ దగ్గరకొచ్చేసరికి ఈ స్కాన్ చాలాసార్లు అక్కరకు రాదు. గ్రంథికే పరిమితమైన కణితి, తన చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కణజాలం కన్నా పెద్దగా ఎక్కువ వెలగదు. పక్కనే మూత్రాశయంలో చేరే ఎఫ్‌డీజీ వెలుగు మరో అడ్డు. అదే మనిషిలో కొన్నేళ్లకు జబ్బు హార్మోన్ మందులకు లొంగకుండా మారితే మాత్రం, అంతకుముందు ఏమీ చూపని ఎఫ్‌డీజీ స్కాన్‌లో మచ్చలు తేలవచ్చు. ఈలోగా కణితి తిండి మారింది.

క్యాన్సర్ కణం చక్కెర మీద బతుకుతుందన్న మాటకు మూలం 1920ల్లో జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ చేసిన ప్రయోగాలు. ఆక్సిజన్ చాలినంత ఉన్నా కణితి కణాలు గ్లూకోజ్‌ను చివరిదాకా దహనం చేయకుండా లాక్టేట్‌గా మార్చి వదిలేస్తున్నాయని ఆయన గమనించాడు. ఆ పరిశీలన తప్పు కాదు. దాన్ని అన్ని క్యాన్సర్లకూ, ఒకే క్యాన్సర్‌లోని అన్ని దశలకూ అంటగట్టడంతోనే చిక్కు వచ్చింది. ప్రోస్టేట్ మీద ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: ఉపరకాల మధ్య జీవక్రియ భేదాలు ఉన్నాయన్నది గట్టి సంగతే. ఫలానా ఉపరకానికి ఫలానా ఇంధనం అని పట్టిక గీయడానికి మాత్రం ఆధారం ఇంకా చాలదు. ఈ భేదం రోగి చికిత్సను నిజంగా మార్చే స్థాయికి చేరింది ముఖ్యంగా స్కానింగ్ గదిలోనే.

సిట్రేట్ పోగేసే గ్రంథి

ఈ కణితిని అర్థం చేసుకోవాలంటే ముందు ఆరోగ్యంగా ఉన్న గ్రంథిని చూడాలి, ఎందుకంటే అదే శరీరంలో ఒక వింత. మన కణాలు ఆహారం నుంచి శక్తి తీసే క్రెబ్స్ చక్రంలో తొలి మెట్టు సిట్రేట్. మిగతా కణాలు దాన్ని వెంటనే తర్వాతి మెట్టుకు పంపి శక్తి రాబట్టుకుంటాయి. ప్రోస్టేట్ కణం అలా చేయదు. సిట్రేట్‌ను పోగుచేసి వీర్యద్రవంలోకి వదులుతుంది. రక్తంలో సిట్రేట్ గాఢత లీటరుకు ఒక మిల్లీమోల్‌లో పదోవంతు, అయిదోవంతు మాత్రమే. ప్రోస్టేట్ స్రావంలో అది దానికి కొన్ని వందల రెట్లు.

ఇది ఎలా సాధ్యమో దశాబ్దాల పాటు తవ్విన ఇద్దరు బాల్టిమోర్‌లోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన లెస్లీ కాస్టెలో, రెంటీ ఫ్రాంక్లిన్. వాళ్ల వివరణ ప్రకారం గ్రంథి వెలుపలి భాగంలోని కణాలు జింక్‌ను అసాధారణంగా పోగేసుకుంటాయి. ఆ జింక్ అకోనిటేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. సిట్రేట్‌ను ముందుకు నెట్టాల్సింది ఆ ఎంజైమే కాబట్టి చక్రం అక్కడే ఆగుతుంది. కణం తనకు రావలసిన శక్తిలో పెద్ద భాగాన్ని వదులుకుని మరీ ఈ పని చేస్తుందన్నమాట. ప్రోస్టేట్ క్యాన్సర్లలో సుమారు 70 శాతం పుట్టేది కూడా ఈ వెలుపలి భాగంలోనే.

క్యాన్సర్‌గా మారిన కణంలో జింక్ పడిపోతుంది. అడ్డు తొలగి సిట్రేట్ దహనమవుతుంది, లేదా కొవ్వు తయారీకి ముడిసరుకవుతుంది. అంటే తొలిదశ ప్రోస్టేట్ క్యాన్సర్‌లో కణపు శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియా పని తగ్గడం కాదు, ఆరోగ్యకరమైన కణంతో పోలిస్తే పెరుగుతుంది. వార్‌బర్గ్ బొమ్మకు ఇది దాదాపు తలకిందులు. తొలిదశ కణితి ఎఫ్‌డీజీకి ఎందుకు స్పందించదో చెప్పడానికి ఇది సరిపోయే వివరణే.

ఇక్కడ ఆధారాల బరువు అంతటా ఒకేలా లేదు. కణితిలో జింక్, సిట్రేట్ తగ్గుతాయన్నది వేర్వేరు బృందాలు పలు పద్ధతుల్లో కొలిచి చూసిన సంగతి. జింక్‌ను లోపలికి తెచ్చే జిప్1 అనే రవాణా ప్రోటీన్ నోరు మూసుకోవడమే దానికి మూలకారణమన్నది ఎక్కువగా ప్రయోగశాల కణాల మీద, పరిమిత కణజాలం మీద నిలబడ్డ వాదన.

సిట్రేట్ తగ్గుదలను స్కాన్‌లో పట్టుకోవచ్చన్న ఆశ 1990ల్లో పుట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇందులో ముందుంది. ఎమ్మారై యంత్రంతోనే కోలిన్, క్రియాటిన్ మొత్తాన్ని సిట్రేట్‌తో భాగించి ఆ నిష్పత్తిని చూసేవారు. తొలి ఫలితాలు ఊరించాయి. పలు ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం 2009లో వెలువడినప్పుడు, కణితి ఎక్కడుందో చెప్పడంలో మామూలు ఎమ్మారైకి ఈ పద్ధతి అదనంగా ఏమీ చేర్చలేదని తేలింది. నేటి ప్రోస్టేట్ ఎమ్మారై ప్రమాణాల్లో దానికి చోటు లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సిట్రేట్ ఎక్కువగా ఉండేది కణంలో కన్నా గ్రంథి నాళాల బోలులో నిలిచిన ద్రవంలో. కణితి ముదిరే కొద్దీ ఆ బోలు పూడుకుపోతుంది. కాబట్టి సిట్రేట్ తగ్గిందంటే కణం జీవక్రియ మారిందనుకోవాలా, ద్రవం నిలిచే చోటు తగ్గిందనుకోవాలా? కణజాలం ముక్కను మొత్తంగా నూరి కొలిచే ఏ అధ్యయనమైనా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. కింద వచ్చే ఉపరకాల పోలికలు చదివేటప్పుడు కూడా ఇది మనసులో ఉండాలి.

ఉపరకాలను ఏ లెక్కన విడదీయాలి?

సూక్ష్మదర్శిని కింద కణాల అమరికను బట్టి ఇచ్చే గ్లీసన్ స్కోర్ ఒక లెక్క. జన్యు మార్పులు మరో లెక్క. అమెరికాలోని క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం 2015లో 333 ప్రాథమిక కణితులను పరిశీలించి, వాటిలో 74 శాతం ఏడు జన్యు తరగతుల్లో పడతాయని చెప్పింది. అందులో అతిపెద్దది ఈఆర్‌జీ సంలీనం, 46 శాతం. ఎస్‌పీఓపీ మ్యుటేషన్ 11 శాతం, ఫాక్స్‌ఏ1 సుమారు 3 శాతం, ఐడీహెచ్1 ఒక శాతం. నాలుగో వంతు కణితులు ఏ తరగతికీ చెందలేదు. పీటెన్ అనే కాపలా జన్యువు పోవడం ఈ తరగతులన్నిటికీ అడ్డంగా సాగే మరో మార్పు. పాఠకుడు గమనించాల్సిందేమంటే జీవక్రియను బట్టి చేసిన విభజన ఇందులో లేదు. జన్యువుల ప్రకారం గీసిన గీతల మీద జీవక్రియను తర్వాత తెచ్చి అతికిస్తున్నాం, రెండూ సరిగ్గా కలుస్తాయన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

ఈఆర్‌జీ సంలీనాన్ని 2005లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుళ్ చిన్నయ్యన్ బృందం కనిపెట్టింది. పురుష హార్మోన్ ఆజ్ఞకు లోబడే ఒక జన్యువు ముందుభాగం విరిగి ఈఆర్‌జీ జన్యువుకు అతుక్కుంటుంది. దాంతో హార్మోన్ వచ్చినప్పుడల్లా ఈఆర్‌జీ రెచ్చిపోతుంది. నార్వేలోని ట్రోండ్‌హైమ్ పరిశోధకులు 2016లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఈఆర్‌జీ ఎక్కువగా ఉన్న కణితుల్లో సిట్రేట్, స్పెర్మిన్ అనే మరో పదార్థం మిగతావాటికన్నా తక్కువ. కొవ్వు ఆమ్లాల జీవక్రియకు చెందిన జన్యువుల్లోనూ తేడాలు కనిపించాయి. ఈ రెండు పదార్థాలూ తగ్గడం దూకుడు కణితుల లక్షణమని అదే బృందం అంతకుముందు చూపింది. అయినా ఈఆర్‌జీ ఉన్న రోగులు లేనివారికన్నా త్వరగా చనిపోతారా అన్న ప్రశ్నకు పెద్ద అధ్యయనాలు ఏకస్వరంతో అవుననలేదు. జీవక్రియలో దూకుడు ముద్ర కనిపించినంత మాత్రాన జబ్బు గమనం అలాగే ఉంటుందని అనుకోలేం.

అన్నిటికన్నా నాకు విలువైనదిగా అనిపించేది బోస్టన్‌లోని డేనా–ఫార్బర్ సంస్థ నుంచి 2014లో వచ్చిన పని. ఒకే రకం ప్రోస్టేట్ కణాలను తీసుకుని కొన్నిట్లో ఏకేటీ1 అనే జన్యువును, కొన్నిట్లో మిక్ అనే జన్యువును రెచ్చగొట్టారు. ఏకేటీ1 ఉన్నవి వార్‌బర్గ్ చెప్పినట్టు గ్లూకోజ్ వైపు మొగ్గాయి. మిక్ ఉన్నవి కొవ్వుల జీవక్రియ వైపు మళ్లాయి. ఎలుకల్లోనూ ఇదే ధోరణి. మనుషుల కణితుల్లో కూడా ఏకేటీ, మిక్ పాళ్లను బట్టి జీవక్రియ ముద్రలు వేరుపడ్డాయి. కణం ఒకటే, మారినది ఒక్క జన్యువు, అయినా ఇంధనం వేరైంది. కార్యకారణ సంబంధం ఇంత శుభ్రంగా కనిపించే ప్రయోగాలు ఈ రంగంలో కొద్దే. అయితే అసలు కణితుల్లో ఏకేటీ, మిక్ రెండూ కలిసి పెరగడం మామూలే, అక్కడ ఈ గీత చెదిరిపోతుంది.

పీటెన్ పోతే ఏకేటీకి పగ్గం ఉండదు. పీటెన్, పీ53 అనే జన్యువులు రెండూ లేని ఎలుక కణితులు హెక్సోకైనేజ్2 అనే గ్లూకోజ్ ఎంజైమ్ లేకుండా పెరగలేవని 2014లో ఒక అధ్యయనం చూపింది. పీటెన్‌తో పాటు పీఎంఎల్ అనే మరో జన్యువు కూడా పోతే కథ కొవ్వు తయారీ వైపు తిరుగుతుందని 2018లో ఇంకొకటి చెప్పింది. కొవ్వు ఎక్కువ ఉన్న మేత పెడితే ఎలుకల్లో వ్యాధి వేరే అవయవాలకు పాకడం పెరిగింది కూడా. ఈ రెండో అధ్యయనం పత్రికల్లో మాంసం, నెయ్యి గురించిన హెచ్చరికలుగా మారిపోయింది. ఎలుక మేతలో కొవ్వు పాళ్లకూ మన భోజనానికీ ఉన్న దూరాన్ని ఆ వార్తలు పట్టించుకోలేదు.

ఐడీహెచ్1 రకం అరుదైనా ఒక్క విషయంలో ప్రత్యేకం. ఇక్కడ మ్యుటేషన్ వచ్చింది సాక్షాత్తూ జీవక్రియ ఎంజైమ్‌లోనే. చెడిన ఎంజైమ్ 2–హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థాన్ని తయారుచేసి డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులను పెంచుతుంది. అట్లాస్‌లో ఈ కణితులు కాస్త చిన్న వయసు వారిలో, విపరీతమైన మిథైల్ గుర్తులతో కనిపించాయి. నూటికి ఒకరిలో కనిపించే రకం మీద క్లినికల్ ట్రయల్ నడపడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

సార్కోసిన్ నేర్పిన జాగ్రత్త

2009లో నేచర్ పత్రికలో మిషిగన్ బృందమే ఒక వ్యాసం ప్రచురించింది. అరుణ్ శ్రీకుమార్ తొలి రచయితల్లో ఒకరు. 262 నమూనాల్లో వెయ్యికి పైగా జీవక్రియ పదార్థాలను కొలిచి, సార్కోసిన్ అనే చిన్న అమైనో ఆమ్లం జబ్బు ముదిరే కొద్దీ పెరుగుతోందని చెప్పారు. మూత్రంలో కూడా దాన్ని పట్టుకోవచ్చన్నారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను అనుమానించడానికి రక్తంలో చేసే పీఎస్ఏ పరీక్షకు ప్రత్యామ్నాయం దొరికిందన్న ఉత్సాహం పుట్టింది. మరుసటి ఏడాదే బెర్లిన్ నుంచి వచ్చిన అధ్యయనం మూత్రంలోని సార్కోసిన్ క్యాన్సర్ ఉన్నవారినీ లేనివారినీ విడదీయలేకపోయిందని చెప్పింది. తర్వాత రక్తపు నమూనాల మీద కొన్ని అధ్యయనాలు అనుకూలంగా వచ్చాయి, కొన్ని రాలేదు. ఇన్నేళ్లయినా అది ఆసుపత్రి పరీక్షగా స్థిరపడలేదు.

తొలి వ్యాసం తప్పుడు పని అని నేననను. కణజాలంలో వాళ్లు చూసింది చూశారు. వెయ్యి పదార్థాలను ఒకేసారి కొలిస్తే కొన్ని యాదృచ్ఛికంగానైనా ఎక్కువగా తేలతాయి. మూత్రంలో గాఢత మనిషి తాగిన నీళ్లను బట్టి మారుతుంది. ఒక ఆసుపత్రిలో ముక్కను కోసిన క్షణం నుంచి గడ్డకట్టించేదాకా పట్టిన సమయం మరో ఆసుపత్రిలో ఉండదు, ఆ కాసేపట్లో లాక్టేట్ లాంటివి మారిపోతాయి. ఉపరకాల పోలికల్లో ఈ చిక్కు రెండింతలు, ఎందుకంటే నమూనాలను ఏడు తరగతులుగా పంచేసరికి ఒక్కో దాంట్లో మిగిలేది గుప్పెడు మందే.

ఇందుకు భిన్నంగా, జాగ్రత్తగా చేసిన పని ఒకటి ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నుంచి 2020లో వచ్చింది. శస్త్రచికిత్సలో తీసిన తాజా కణజాలంలో, అదే రోగి గ్రంథి నుంచి కణితి ముక్కనూ మంచి ముక్కనూ తీసుకుని మైటోకాండ్రియా శ్వాసను నేరుగా కొలిచారు. కణితి మైటోకాండ్రియా ఆగిపోలేదు. సక్సినేట్‌ను ఇంధనంగా వాడుకోవడం వైపు అవి మొగ్గాయి. మైటోకాండ్రియా సొంత డీఎన్‌ఏలో, శ్వాస గొలుసులోని తొలి భాగానికి చెందిన మ్యుటేషన్లు ఉన్నచోట ఈ మొగ్గు మరింత స్పష్టం. రోగిని అతనితోనే పోల్చడం వల్ల తిండి, వయసు, మందుల తేడాలు చాలావరకు పక్కకు పోయాయి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఉపరకాల పట్టికలోకి ఇంకా ఎక్కలేదు. ఎక్కాల్సిందని నా అభిప్రాయం.

హార్మోన్‌కు లొంగనప్పుడు

ప్రోస్టేట్ కణంలో జీవక్రియ మీద అన్నిటికన్నా పెద్ద పెత్తనం పురుష హార్మోన్ల (ఆండ్రోజెన్ల) గ్రాహకానిది. గ్లూకోజ్ వాడకం, కొవ్వు తయారీ, పైరువేట్‌ను మైటోకాండ్రియాలోకి చేరవేయడం, అన్నిట్లో దాని చేయి ఉంది. హార్మోన్ చికిత్స ఆ చేతిని కట్టేస్తుంది. కొంతకాలానికి చాలా కణితులు గ్రాహకాన్ని వేరే దారిలో మళ్లీ మేల్కొల్పుకుంటాయి. కొన్ని మాత్రం గ్రాహకాన్నే వదిలేసి, నాడీ లక్షణాలున్న చిన్న కణాల క్యాన్సర్‌గా, అంటే న్యూరోఎండోక్రైన్ రకంగా మారతాయి. హార్మోన్ చికిత్సకు లొంగకుండా పాకిన జబ్బులో బయాప్సీలు చేసిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఈ రకం 17 శాతం మందిలో కనిపించింది. పీఎస్ఏ అంతగా పెరగకుండానే కాలేయానికి పాకగల జబ్బు ఇది.

ఇక్కడ వార్‌బర్గ్ చెప్పింది చాలావరకు నిజమవుతుంది. గ్లూకోజ్ వాడకం పెరుగుతుంది, లాక్టేట్ బయటకు తోసే ఎంసీటీ4 ద్వారాలు పెరిగినట్టు రోగుల నుంచి ఎలుకల్లోకి మార్పిడి చేసిన కణితుల్లో చూశారు. డ్యూక్ విశ్వవిద్యాలయం 2021లో గ్లూటమిన్ గురించి చెప్పింది ఇంకా ఆసక్తికరం. గ్లూటమిన్‌ను విరిచే ఎంజైమ్‌కు రెండు రూపాలు. ఒకటి ఆండ్రోజెన్ అదుపులో ఉంటుంది, రెండోది ఉండదు. హార్మోన్ చికిత్సకు మొదట లొంగిన కణితి మొదటి రూపం నుంచి రెండోదానికి మారి తప్పించుకుంటోందని వాళ్ల వాదన. 2019లో వచ్చిన మరో పని సెరిన్ దారిని చూపింది. మూడు వివరణలూ కణాల్లో, ఎలుకల్లో చూసినవే. ఒకే రోగి కణితిలో మూడూ కలిసి నడుస్తాయా, వంతులు వేసుకుంటాయా అన్నది మనుషుల్లో కొలవాల్సిన సంగతి.

స్కానింగ్ గదిలోకి వద్దాం. పీఎస్ఎంఏ అనే ప్రోటీన్ ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పైపొర మీద దండిగా ఉంటుంది. నిజానికి అది ఫోలేట్ నుంచి గ్లూటమేట్‌ను కత్తిరించే ఎంజైమ్. కత్తిరించిన గ్లూటమేట్ కణితిలో ఏకేటీ దారిని రెచ్చగొడుతుందని 2018లో ప్రయోగాల్లో తేలింది. పీఎస్ఎంఏకు అతుక్కునే గాలియం–68 స్కాన్ 2020లో అమెరికా అనుమతి పొందింది. అదే ప్రోటీన్‌ను గురిపెట్టి లోపలినుంచి రేడియేషన్ ఇచ్చే లుటీషియం–177 చికిత్స 2022లో వచ్చింది.

జబ్బు న్యూరోఎండోక్రైన్ వైపు జరిగే కొద్దీ పీఎస్ఎంఏ సాధారణంగా తగ్గి, ఎఫ్‌డీజీ వెలుగు పెరుగుతుంది. ఒకే రోగిలో ఎముక మచ్చ పీఎస్ఎంఏకి, కాలేయం మచ్చ ఎఫ్‌డీజీకి వెలగడం చూస్తారు. ఆస్ట్రేలియాలో జరిగిన థెరా–పీ అనే ట్రయల్ దీన్ని ఎంపిక నియమంగానే పెట్టుకుంది. 291 మందికి రెండు స్కాన్లూ చేసి, పీఎస్ఎంఏ తక్కువున్నవారినీ, ఎఫ్‌డీజీకి మాత్రమే వెలిగే మచ్చలున్నవారినీ పక్కకు పెట్టి, చివరికి 200 మందిని తీసుకుంది. పీఎస్ఏ సగానికి పైగా పడిపోయింది లుటీషియం తీసుకున్నవారిలో 66 శాతం మందికి, కబాజిటాక్సెల్ అనే కీమో మందు తీసుకున్నవారిలో 37 శాతం మందికి. తర్వాతి లెక్కల్లో బతికిన కాలం మాత్రం రెండు వర్గాలదీ దాదాపు సమానం. జీవక్రియ భేదం ఎవరికి ఏ మందు అన్న నిర్ణయంలోకి వచ్చిన మేటి ఉదాహరణ ఇదే, దాని హద్దు కూడా ఇక్కడే కనిపిస్తుంది.

మందుల వైపు చూస్తే ఫలితాలు మిశ్రమం. పీటెన్ పోయిన కణితులకు ఏకేటీని అడ్డుకునే మందు తార్కికంగా సరిపోవాలి. ఇపటాసెర్టిబ్ 2021లో, అలాంటి 521 మందిలో జబ్బు ముదరకుండా గడిచే కాలాన్ని 16.5 నెలల నుంచి 18.5 నెలలకు పెంచింది. ఆయుర్దాయంలో గణనీయమైన తేడా రాలేదు. కాపివాసెర్టిబ్‌ను వ్యాధి పాకినా ఇంకా హార్మోన్‌కు లొంగే దశలో ఇచ్చి చూస్తే 25.7 నెలలు 33.2 అయ్యాయని 2025లో ప్రకటించారు. ఇన్సులిన్ పనిచేసేది కూడా ఏకేటీ ద్వారానే కాబట్టి రెండు మందులకూ రక్తంలో చక్కెర పెరగడం దుష్ఫలితం. మధుమేహం ఇంత ఎక్కువగా ఉన్న మన దగ్గర ఆ దుష్ఫలితాన్ని చిన్నదిగా తీసుకోలేం.

ఈ అంకెలన్నీ ఎవరివి అన్నది కూడా అడగాలి. చైనాలో 208 మంది కణితులను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఫాక్స్‌ఏ1 మ్యుటేషన్ 41 శాతం మందిలో కనిపించింది. అమెరికా అట్లాస్‌లో ఆ తరగతి సుమారు 3 శాతమే. రెండు లెక్కలూ ఒకే పద్ధతివి కావు కానీ తేడా పద్ధతి వల్లే వచ్చిందనడానికి అది మరీ పెద్దది. ఈఆర్‌జీ చైనాలో బాగా తక్కువ. జీవక్రియ అధ్యయనాల్లో ఎక్కువ భాగం యూరప్, అమెరికా పురుషుల కణజాలం మీద జరిగాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో బయాప్సీ చేయించుకున్న రోగికి వాటిని యథాతథంగా అన్వయించడం తొందరపాటు.

ఇంకా పెద్ద తొందరపాటు మందుల దుకాణంలో జరుగుతోంది. కణితిలో జింక్ తక్కువని చదివి జింక్ మాత్రలు మింగేవారున్నారు. అమెరికాలో సుమారు 47,000 మంది పురుషులను పరిశీలించిన అధ్యయనంలో రోజుకు 100 మిల్లీగ్రాములకు మించి జింక్ వేసుకున్నవారిలో ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ రెండు రెట్లకు పైగా కనిపించింది. అది పరిశీలనే, కారణమని రుజువు కాదు. అయినా మాత్ర వేసుకోమనడానికి మాత్రం అందులో ఏ ఆధారమూ లేదు. విటమిన్–ఇ విషయంలో రుజువు ఇంకా గట్టిది. 35,000 మందికి పైగా పాల్గొన్న సెలెక్ట్ ట్రయల్‌లో దాన్ని తీసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చింది. కూరగాయలు ఎక్కువగా తినమని రెండేళ్లు నేర్పిన మీల్ ట్రయల్‌లో తొలిదశ జబ్బు గమనం మారలేదు. చక్కెర మానేస్తే కణితి మాడిపోతుందన్న సలహాకు ఇంతపాటి పరీక్ష కూడా జరగలేదు. పైన చెప్పినట్టు తొలిదశ కణితి ప్రధానంగా చక్కెర మీద ఆధారపడనే లేదు.

మెట్‌ఫార్మిన్ కథ వేరు. చక్కెర జబ్బుకు వాడే ఈ చవక మందు క్యాన్సర్‌ను అణచివేస్తుందని ఎన్నో పరిశీలనలు ఆశ పెట్టాయి. బ్రిటన్, స్విట్జర్లాండ్‌లలో స్టాంపీడ్ ట్రయల్ కింద మధుమేహం లేని 1,874 మంది మీద పరీక్షించారు. మధ్యగత (మీడియన్) జీవితకాలం 61.8 నెలల నుంచి 67.4కు పెరిగినట్టు కనిపించినా గణాంకపరంగా ఆ తేడా నిలవలేదు. కణితిని ఉపరకాల ప్రకారం ఎంచి ఇచ్చిన ట్రయల్ కాదిది, అలా ఎంచి ఉంటే ఏమయ్యేదో దాన్నుంచి చెప్పలేం. హార్మోన్ చికిత్సతో బరువు, రక్తంలో చక్కెర, కొలెస్ట్రాల్ పెరగడం మాత్రం ఆ మందు తీసుకున్నవారిలో స్పష్టంగా తగ్గింది.